మన సీమ రాగుల పాతరలు

చరిత్ర వ్యాసమనగానే రాజుల పేర్లూ, కోటల పేర్లూ, యుద్ధాల తేదీలూ ఉండవలెనని మనలో చాలమంది అనుకొంటారు. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల అవీ తక్కువేమీ కాదు. నందిదుర్గం ఉన్నది, గుడిబండ ఉన్నది, పాళెగాండ్ల కథలు ఊరికొకటి ఉన్నవి. కాని ఈ ఉగాది సంచికకు మేము ఎన్నుకొన్నది కోటగోడల చరిత్ర కాదు. ఇంటి ముంగిట నేల క్రింద ఉండిన చరిత్ర. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో మన పెద్దలు ఏ మందూ చల్లకుండా ధాన్యాన్ని ఏండ్ల తరబడి ఎట్లు నిలువ చేసికొన్నారు, ఆ నిలువ ఎవరిని బ్రతికించినది, ఎవరిని బ్రతికించలేకపోయినది అన్నదే మా విషయం.

ఇది ఒట్టి పాత ముచ్చట కాదు. ఊరు విడిచి వచ్చిన మన ఇండ్లలో గోధుమలు సంచులతో కొంటాము. ఊరినుండి వచ్చేవారెవరైనా ఉంటే రాగుల మూట తెప్పించుకొంటాము. రెండు నెలలు తిరగకముందే గోధుమల డబ్బాలో ముక్కుపురుగు తల ఎత్తుతుంది. ప్రక్కనే ఉన్న రాగులు మాత్రం అట్లే ఉంటాయి. ఎందుచేత? ఈ ప్రశ్నకు జవాబు వెదకబోతే మన సీమ చరిత్ర సగం బయటపడుతుంది.

ఈ మూడు తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలోనివి. ఆ యేట చిక్కబళ్ళాపురం వేరే జిల్లా ఐనది. పాలన మైసూరుది, కచేరీ భాష కన్నడం, చాల ఊళ్ళలో ఇంటి భాష తెలుగు. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన నారాయణప్ప తాతయ్య రెండు భాషలలోనూ తత్త్వాలు పాడినాడంటే ఆ ఊళ్ళ స్వభావం తెలిసిపోతుంది. నేల ఎర్రది, అడుగున మొరం. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని నందికొండల ప్రాంతానే పుడతాయి గాని, పుట్టినచోట పిల్లకాలువలే. నదులనిపించుకొనేది దిగువకు పోయిన తరువాత. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. అదీ నమ్మరాని వాన. కావున చెరువు క్రింద నాలుగు మళ్ళు వరి, మిగిలిన మెట్ట అంతా రాగులు, వాటి సాళ్ళ నడుమ అనుములు, కందులు, ఆవాలు. ఇదీ మన పెద్దల సేద్యం. గోధుమ మన సీమలో పెద్ద పంట ఎన్నడూ కాదు. సంగటి ముద్దే అన్నం, అంబలే పానకం.

కైవారమే భారతంలోని ఏకచక్రపురమనీ, బండెడన్నం తినే బకాసురుణ్ణి భీముడు చంపినది అక్కడి కొండమీదనే అనీ స్థలపురాణం చెబుతుంది. నిజానిజాల జోలికి మేము పోము. కాని ఊరికంతటికీ బండెడన్నం ఎక్కడినుండి తేవలెనన్న దిగులు కథగా నిలిచిన చోటు మన చింతామణి తాలూకాలో ఉండడం మాకు వింతగా తోచదు.

ఇక పాతర సంగతి. పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. మన ఇరుగుపొరుగు కన్నడిగులు దీనినే హగేవు అంటారు. రాయలసీమలోనూ పల్నాటిలోనూ జొన్నలకు పాతరలుండేవి. మన సీమలో రాగులకు. ఈనాటి పత్రికల్లో ‘నిజాన్ని పాతరవేశారు’ అని చదువుతుంటాము. అక్కడ పాతర అంటే సమాధి. వెనుకటి రైతుకు అది సమాధి కాదు, మళ్ళీ తీసికొనడానికి దాచిన దాపు. వాడుక మారినచోట మాట అర్థం ఎట్లు తలక్రిందులవుతుందో చూడండి.

పాతర త్రవ్వడం అందరికీ వచ్చే పని కాదు. ముందు చోటు ఎంచుకోవలె. నీరు నిలువని మెరక, గట్టి మొరం నేల కావలె. ఒండ్రుమట్టి పనికిరాదు, ఊట వచ్చే చోటు అసలే పనికిరాదు. మూతి ఒక మనిషి దిగేటంత ఇరుకు. లోపలికి పోనుపోను వెడల్పు. కడవను నేలలో పాతిపెట్టినట్లు ఉంటుంది ఆకారం. త్రవ్విన తరువాత లోపల బాగా ఆరనివ్వవలె. అడుగునా చుట్టూ ఎండు గడ్డి దట్టంగా పరిచి, నడుమ రాగులు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, మూతిమీద రాతిబండ వేసి, సందులన్నీ మట్టితో మెత్తి, దానిపైన వాన జారిపోయేటట్లు మట్టి గుట్టగా పోసేవారు. ఆ గుట్టమీద పిల్లలు ఆడుకొనేవారు. క్రింద ఏముందో క్రొత్తవాడికి తెలిసేది కాదు. దండ్లు తిరిగిన కాలంలో అదీ ఒక లాభమే. మరాఠాల సవారీలు, హైదరు, టిప్పుల యుద్ధాలు, ఇంగ్లీషు సేనలు, అన్నీ ఈ దారినే పోయినవి గదా. గాదెను తగులబెట్టవచ్చు, కనబడని పాతరను తగులబెట్టేదెట్లు?

కాలం కూడా కలిసివచ్చేది. రాగులు కోసేది కార్తీక మార్గశిరాల్లో. కోసిన వెంటనే నూర్చరు. కంకులతోనే వామి వేసి, సంక్రాంతి ప్రాంతాలకు కళ్ళంలో పరిచి, ఎద్దులకు కట్టిన రాతిగుండుతో నూర్చి, తూర్పారబట్టేవారు. అప్పటికి గాలిలో చెమ్మ ఉండదు, ఎండ ముదురుతూ ఉంటుంది. ఆ ఎండకు గింజ గలగలలాడేటట్లు ఆరితేనే పాతరలోకి. కళ్ళం దగ్గరనే చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి, ఊరి ఆయగాండ్లందరికీ కొలిచి, మిగిలినది ఇంటికి చేర్చేవారు. ఏడాది తిండికి గాదెలోను, గుమ్మిలోను. విత్తనానికి కుండలో బూడిద కలిపి విడిగా. ఇక మిగిలినది, అంటే రానున్న చెడ్డ సంవత్సరానికి దాచినది, పాతరలోకి. ఉగాది పచ్చడి నాటికి మూతలు పడిపోయేవి.

ఈ పాతరల్లో పురుగు ఎందుకు పట్టదో మన పెద్దలు శాస్త్రం చదివి తెలిసికొనలేదు గాని, కారణాలు ఈనాడు తేటగా తెలుసు. అవి మూడు. మొదటిది గింజ. వేయి గోధుమ గింజలు తూస్తే 35, 40 గ్రాములుంటాయి. వేయి రాగి గింజలు రెండున్నర, మూడు గ్రాములకు మించవు. ముక్కుపురుగు తల్లి గింజకు బెజ్జం చేసి, లోపల ఒక గ్రుడ్డు పెట్టి, పైన మూత వేస్తుంది. పిల్ల ఆ గింజలోనే తిని, పెరిగి, రెక్కలు వచ్చిన తరువాత బయటికి వస్తుంది. గోధుమ గింజ దానికి చక్కని గది. రాగి గింజలో దానికి కాలు చాపుకొనే చోటు లేదు. పైపెచ్చు పొట్టు గట్టిది. అట్లని రాగులకు శత్రువే లేదనుకోరాదు. పిండి చేసినారంటే పెంకుపురుగు వెంటనే వస్తుంది.

రెండవది ఆరుదల. గింజలో తేమ నూటికి 12 పాళ్ళకు లోబడి ఉంటే బూజు పట్టదు, పురుగుకూ కష్టం. 14 దాటితే ఏ పాతరా కాపాడదు.

మూడవది, మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, గాలి లేకపోవడం. నేల క్రింద చల్లగా ఉండబట్టి పురుగు చచ్చిపోతుందని చాలమంది చెబుతారు. అది సగం మాటే. మన సీమలో పది అడుగుల లోతున కూడా భూమి గోరువెచ్చగా ఉంటుంది. ఆ వేడిమిలో పురుగు హాయిగా పిల్లలు పెడుతుంది. దానిని చంపేది ఊపిరి అందకపోవడం. మూత పడిన తరువాత లోపలి గింజ ఊపిరి తీస్తుంది, గోడ చెమ్మకు అంచున మొలకెత్తబోయిన గింజ మరింత తీస్తుంది, పురుగుంటే అదీ తీస్తుంది. లోపలి ఆమ్లజని తరిగిపోయి బొగ్గుపులుసు గాలి పెరుగుతుంది. ఆమ్లజని నూటికి రెండు మూడు పాళ్ళకు దిగేసరికి పురుగు బ్రతకలేదు. అంటే పాతరలో పురుగు తన చావును తానే తెచ్చుకొంటుంది.

ఆ గాలి మనిషినీ వదలదు. పాతర మూత తీయగానే లోపలికి దిగినవాడు దిగినచోటనే కూలిపోవడం, వాణ్ణి తీయబోయిన రెండవవాడూ పడిపోవడం పాతరలున్న ప్రతి సీమా ఎరిగినదే. బొగ్గుపులుసు గాలి బరువైనది, అడుగున నిలుస్తుంది, దానికి రంగూ వాసనా లేవు. అందుచేత మూత తీసిన తరువాత గాలి ఆడేటట్లు వదలిపెట్టడం, త్రాటికి దీపం కట్టి దింపడం, దీపం ఆరితే దిగకపోవడం మన పెద్దల కట్టడి. ధాన్యం కాపాడే గుణం, ప్రాణం తీసే గుణం రెండూ ఒకే గాలిలో ఉన్నవి.

ఈ విద్య మన ఒక్కరిదే అని గొప్పలు చెప్పుకొనడం మాకు ఇష్టం లేదు. రోమక దేశంలో వర్రో అనే పండితుడు క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలో సేద్యం మీద గ్రంథం వ్రాస్తూ, గాలి చొరని గోతులలో గోధుమ 50 ఏండ్లు, చిరుధాన్యం 100 ఏండ్లకు పైగా నిలుస్తుందని చెప్పినాడు. గోధుమకూ చిరుధాన్యానికీ ఆయన పెట్టిన తేడా చూస్తే, మన వంటింటి డబ్బాలు ఆయనకూ తెలుసునా అనిపిస్తుంది. ఇంగ్లండులో పీటర్ రేనాల్డ్స్ అనే ఆయన 1970 తరువాత బట్సర్ పొలంలో పాతకాలపు పద్ధతిని అనుసరించి గోతులు త్రవ్వి, గోధుమ, బార్లీ పోసి, చలికాలమంతా ఉంచి తీసి చూచినాడు. అంచున కొంత పాడైనా నడుమనున్న గింజ చక్కగా నిలిచినది. విత్తితే మొలిచినది కూడా. మన దేశంలో కౌటిల్యుడు అర్థశాస్త్రంలో, కోష్ఠాగారంలోని సరుకులో సగం ప్రజల ఆపదకు అట్టే ఉంచి, సగమే వాడవలెననీ, పాతది తీసి క్రొత్తది నింపుతూ ఉండవలెననీ విధించినాడు. అది రాజుకు చెప్పిన మాట. మన సీమలో ఆ పని రైతు తన ముంగిట చేసినాడు.

మైసూరు ఇంగ్లీషువారి చేతికి చిక్కిన మరుసటి యేడు, 1800లో, ఫ్రాన్సిస్ బుకనన్ అనే వైద్యుడు దేశమంతా తిరిగి చూచి రమ్మని పంపబడినాడు. ఆయన మన చిక్కబళ్ళాపురానికీ వచ్చినాడు. అక్కడి చక్కెర సంగతి విపులంగా వ్రాసినాడు. రాగులే ఇక్కడి జనానికి ఆధారమనీ, పాతరలో అవి ఏండ్ల తరబడి చెడకుండా ఉంటాయనీ గమనించినాడు. 1807లో లండనులో ఆ గ్రంథం మూడు సంపుటాలుగా అచ్చయినది. మన తాతల తాతలు చేసిన పనిని ఒక పరదేశి అంత శ్రద్ధగా చూచి వ్రాసినందుకు సంతోషమే. మనవాళ్ళెవరూ వ్రాయకపోవడం మాత్రం కొంచెం చిన్నతనంగానే ఉన్నది.

ఇంత మంచి నిలువ ఉండి కూడా మన సీమ ధాత కరువులో ఎందుకు కూలిపోయినది? ఈ ప్రశ్న దాటవేసి పాతరలను పొగడడం న్యాయం కాదు.

యువ సంవత్సరంలో, అంటే 1875లో, వానలు తగ్గినవి. ధాత సంవత్సరం, 1876, ముంగారూ హింగారూ రెండూ తప్పినవి. ఈశ్వరలో, 1877లో, సెప్టెంబరు దాకా చినుకు సరిగా పడలేదు. కన్నడిగులు ధాతు ఈశ్వర బర అనీ, మనవాళ్ళు ధాత కరువనీ చెప్పుకొన్నది దీనినే. అప్పటికి మైసూరు ఇంగ్లీషు కమిషనర్ల పాలనలో ఉన్నది. 1871 జనాభా లెక్కలో 50 లక్షలు దాటిన మైసూరు జనం 1881 లెక్క నాటికి 42 లక్షలకు దిగిపోయినది. మామూలుగా పదేండ్లలో పెరగవలసిన జనం పెరగకపోవడం అటుంచి, ఉన్నవారిలోనే ఎనిమిది లక్షలకు పైగా లేకుండా పోయినారు. తీవ్రంగా దెబ్బతిన్న సీమలలో మన కోలారు జిల్లా ఒకటి. రైలు 1864లోనే బెంగళూరు చేరినది గాని, అక్కడినుండి మన ఊళ్ళకు ధాన్యం రావలసినది ఎద్దుబండిమీద. ఆ ఎద్దులకు మేత లేదు.

మేము గట్టిగా చెప్పదలచినది ఇదే. పాతర ఒక సంవత్సరం కరువుకు చక్కని మందు. రెండవ సంవత్సరానికి అది పెద్ద రైతుకే మందు. మూడవ సంవత్సరానికి చాలమందికి మందు కాదు. ఇక పాతరే లేనివాడి సంగతి? కూలివాడు, మాలమాదిగ పల్లెల్లోని జీతగాడు, మగ్గం మీద బ్రతికే సాలెవాడు, వీరికి కళ్ళంలో కొలిచిన రాగులు ఒక కుండకు, మహా ఐతే రెండు కుండలకు వచ్చేవి. ఆ కుండ ఎండాకాలం దాకా. తరువాత పాతర ఉన్న ఇంటి ముందు నిలబడి అప్పుగా కొలిపించుకొనడం, పంటనాడు వడ్డీతో కొలవడం. పంటే లేనినాడు అప్పు పుట్టదు. పురుగు నుండి ధాన్యాన్ని కాపాడే విద్య ఊరందరికీ తెలుసు. కాపాడుకొనే ధాన్యమే కొందరికి లేదు. అందుచేత పాతర ఉన్నవాడు ఊళ్ళో మిగిలినాడు, లేనివాడు దారి పట్టినాడు. బెంగళూరు వైపు, గంజి దొడ్ల వైపు, రోడ్డు పనుల వైపు నడిచినారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనులు చేతబట్టి కూలీలను పిలిచే నాటికి, పిలిస్తే రావడానికి సిద్ధంగా ఉన్న జనం చుట్టుపక్కల సీమల్లో కొల్లలు. వలస పోవడమనేది మన కుటుంబాలలో ఈ తరం నేర్చుకొన్న పని కాదు.

కరువు తరువాత కూడా పాతరలు నిలిచినవి. రెండు తరాలు బాగానే నిండినవి. వాటిని మూసినది కరువు కాదు, కాలం మార్పు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ధాన్యం మీద లెవీ వచ్చినది, రేషను వచ్చినది. ఎక్కువ నిలువ ఉంచుకొన్నవాణ్ణి వెనుక మంచి సంసారి అనేవారు. అప్పటినుండి దొంగనిలువదారు అనే మాట పుట్టినది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడి, నిలువ భారం సర్కారు గిడ్డంగులకు పోయినది. మన తాలూకాల్లో మల్బరీ తోటలు, బోరుబావులు, టమాటాలు, ద్రాక్షలు రాగుల చేలను ఆక్రమించినవి. రాగుల దిగుబడి తగ్గలేదు సుమండీ. మండ్య దగ్గర లక్ష్మణయ్యగారు మన రాగులకూ ఆఫ్రికా రాగులకూ సంకరం చేసి తీసిన ‘ఇండాఫ్’ వంగడాలు ఎకరా పంటను ఎంతో పెంచినవి. కాని పండినది పండినట్లు సంతకు పోవడం అలవాటైనది. మిద్దె కట్టినప్పుడు ఒక పాతర, వీధి వెడల్పు చేసినప్పుడు ఒక పాతర, ఇట్లు పూడిపోయినవి.

వాటి చోట మందు వచ్చినది. మొదట బి.హెచ్.సి. పొడి; దానిని సర్కారు 1997లో నిషేధించినది. కొన్నాళ్ళు ఇ.డి.బి. గాజు గొట్టాలు. ఆ తరువాత అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు. గాలిలోని చెమ్మ తగలగానే ఆ బిళ్ళ నుండి ఫాస్ఫీన్ వాయువు పుట్టి పురుగును చంపుతుంది. గిడ్డంగిలో, తెలిసినవారి చేతిలో, తార్పాలు కప్పి వాడవలసిన వస్తువది. పడుకొనే ఇంట్లో గోధుమ డబ్బాలో వేయడం మనుషులను చంపుకొనడమే. అట్లు ప్రాణాలు పోయిన కుటుంబాలున్నవి. దానికి తోడు, ఏండ్ల తరబడి అరకొరగా వాడినందువల్ల ఆ మందుకు లొంగని పురుగులు తయారైనవి. ఇక ఖప్రా పురుగని ఒకటున్నది. గోధుమకు పరమ శత్రువు, మన దేశమే దాని పుట్టినిల్లంటారు. 1953లో కాలిఫోర్నియాలో కనబడి అమెరికావారిని హడలగొట్టినది. 2011 నుండి మన దేశపు బియ్యాన్ని ప్రయాణీకుల పెట్టెల్లో తెచ్చుకోరాదని అమెరికావారు ఆంక్ష పెట్టినది ఈ పురుగు భయంతోనే. అమెరికాలో ఉన్న మనవాళ్ళు విమానాశ్రయంలో బియ్యపు మూట వదులుకొని విసుక్కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొంటే కొంత ఊరట.

విచిత్రమేమంటే, శాస్త్రజ్ఞులు తిరిగి తిరిగి పాతర సూత్రానికే వచ్చినారు. 1980ల చివర అమెరికా పర్డ్యూ విశ్వవిద్యాలయంవారు ఆఫ్రికాలోని కామెరూన్ రైతుల అలసందలు పురుగు పట్టకుండా మూడు పొరల సంచిని రూపొందించినారు. లోపల రెండు పొరలు గాలి చొరని ప్లాస్టికు, పైన నేసిన సంచి. మందు లేదు. మూతి బిగించి కట్టితే లోపలి పురుగు ఊపిరాడక పోతుంది. చిక్కబళ్ళాపురం మొరంలో త్రవ్విన పాతరకూ దీనికీ తేడా, ఇది భుజాన మోయవచ్చు. ఒక సంచి కొనగల కూలివాడు కూడా తన గింజను దాచుకోవచ్చు. రెండవ తేడాయే మాకు ఎక్కువ నచ్చినది.

మన ఇండ్లకు ఈ చరిత్ర ఎంతవరకు పనికివస్తుందో నాలుగు మాటలు చెప్పి విరమిస్తాము. గోధుమలను రాగుల వలె చూడరాదు. గోధుమ కొనేటప్పటికే అందులో కంటికి కనబడని గ్రుడ్డు ఉండవచ్చునని అనుకొనే మొదలు పెట్టండి. చలి దేశాల్లో ఉన్నవారికి పెద్ద ఫ్రీజరు ఉంటే, సంచిని కట్టి మైనస్ 18 డిగ్రీలలో ఒక వారం ఉంచితే గ్రుడ్డుతో సహా చస్తుంది. బయటికి తీసిన తరువాత మామూలు వేడిమికి వచ్చేదాకా సంచి విప్పరాదు. విప్పితే చెమ్మ పడుతుంది. ఎండ కాసే చోట ఉన్నవారు పలుచగా పరచి రెండు మూడు గట్టి ఎండలు చూపి, చల్లారిన తరువాతనే పోయండి. గింజ ఆరినదో లేదో తెలియకపోతే, ఎండిన గాజు సీసాలో గుప్పెడు గోధుమలు, చెంచాడు పొడి ఉప్పు వేసి ఊపండి. ఉప్పు గాజుకు అంటుకొంటే గింజలో చెమ్మ ఉన్నట్లు. డబ్బాను అంచుదాకా నింపి బిగించండి. సగం డబ్బాలో సగం గాలి, అది పురుగు సొత్తు. ఒకే పెద్ద డబ్బాకు బదులు నాలుగు చిన్నవి మేలు. ఒకటి తెరిచినప్పుడు మిగిలిన మూడూ పాతరలుగానే ఉంటాయి. వేపాకు, వావిలాకు వేసే అలవాటున్నవారు నీడన బాగా ఎండినవే వేయండి. పచ్చి ఆకు తన చెమ్మనంతా గింజకు ఇస్తుంది. ప్రతి డబ్బామీద ఏ నెలలో నింపినదీ వ్రాసి, పాతది ముందు వాడండి. పిండి మాత్రం, గోధుమదైనా రాగులదైనా, నెలకు సరిపడా పట్టించుకోండి. ఊరి రాగులు వస్తే గింజగానే ఉంచి, ముద్దకు కావలసినప్పుడల్లా విసరుకోండి.